2147483647: కంప్యూటర్‌కు హద్దు, ఆయిలర్‌కు ప్రధాన సంఖ్య

బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల్లో, కొత్తగా కట్టిన చిన్న వెబ్‌సైట్లలో ఒక వింత తరచూ బయటపడుతుంది. రిజిస్టర్ చేసుకున్న వాళ్లందరి మొబైల్ నంబరూ ఒకటే అయి కూర్చుంటుంది: 2147483647. ఎవరు ఏ నంబర్ కొట్టినా డేటాబేస్‌లో పడేది అదే. ఎవరో హ్యాక్ చేశారని టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు. అసలు సంగతి చాలా మామూలుది. ఫోన్ నంబర్ దాచే కాలమ్‌కు 'ఇంట్' అనే రకం పెట్టారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రకానికి పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి దేశంలో ఏ మొబైల్ నంబర్ తీసుకున్నా దీనికంటే పెద్దదే. హద్దు దాటిన విలువలను తిప్పికొట్టే 'స్ట్రిక్ట్ మోడ్' ఆపేసి ఉంటే ఆ డేటాబేస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోదు. ఒక హెచ్చరిక పడేసి, తన హద్దు ఎంతో అంతే రాసుకుంటుంది.

మన లెక్కలో చెప్పాలంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కంప్యూటర్లు పుట్టడానికి చాలా ముందే, 1772 నాటికే గణితజ్ఞులకు ఈ సంఖ్య బాగా తెలుసు. అది ప్రధాన సంఖ్య అని, అంటే 1, తానూ తప్ప మరే సంఖ్యా దాన్ని నిశ్శేషంగా భాగించదని ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌కు చెందిన గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. తర్వాత దాదాపు వందేళ్ల పాటు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. కంప్యూటర్ హద్దు కావడం, ప్రధాన సంఖ్యగా పేరు పొందడం పైకి సంబంధం లేని రెండు విషయాల్లా కనిపిస్తాయి. కానీ రెండూ ఒక్క చోటి నుంచే వచ్చాయి: ఈ సంఖ్య ఆకారం నుంచి.

ఆ ఆకారం 2³¹ − 1. అంటే 2ని 31 సార్లు వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయడం. బైనరీలో రాస్తే వరసగా ముప్పై ఒక్క ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. పదుల లెక్కలో 999 ఎలాగో, రెండ్ల లెక్కలో ఇది అలాగ. కంప్యూటర్ ఒక పూర్ణ సంఖ్యకు 32 బిట్లు, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 గళ్లు, కేటాయిస్తే, ధన రుణ సంఖ్యలు రెండూ పట్టాలి కాబట్టి వాటిలో ఒక బిట్ గుర్తుకే పోతుంది. మిగిలిన 31 బిట్లనూ ఒకట్లతో నింపేస్తే వచ్చేది 2147483647. దానికి ఇంకొక్కటి కలిపితే ఒకట్లన్నీ సున్నాలై, బదిలీ వెళ్లి గుర్తు బిట్ మీద పడుతుంది. చాలా యంత్రాల్లో అప్పుడు వచ్చే జవాబు −2147483648. అతి పెద్ద సంఖ్యకు ఒకటి కలిపితే అతి చిన్న సంఖ్య రావడం కాలేజీలో సీ ల్యాంగ్వేజ్ చదివిన వాళ్లకు కొత్తేమీ కాదు.

ఈ ఆకారంలో ఉండే సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. ఫ్రాన్స్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. ఘాతాంకం, అంటే 2ని ఎన్నిసార్లు వేసి గుణించామో ఆ సంఖ్య, 257 దాటకుండా చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్యలు వస్తాయన్నాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 ఆయన జాబితాలో లేనే లేవు. 31 మాత్రం ఒప్పు. అంతకు ముందే ఇటలీలో కటాల్డి 23, 29, 31, 37 ఘాతాంకాలన్నీ ప్రధాన సంఖ్యలనే ఇస్తాయన్నాడు. 23, 37 దగ్గర ఆయన మాట తప్పని ఫెర్మా 1640లో చూపించాడు. 29 సంగతి ఆయిలర్ తేల్చాడు. నాలుగింట్లో నిలబడింది 31 ఒక్కటే. అది నిజమని కటాల్డి దగ్గర రుజువు ఉండి చెప్పలేదు కాబట్టి, గురి చూసి కొట్టాడు అనడం కంటే గుడ్డిగా వేసిన నాలుగు రాళ్లలో ఒకటి తగిలింది అనడమే సరి.

ఆయిలర్ చేసిన పనికి అసలు విలువ ఇక్కడే ఉంది. ఒక పదంకెల సంఖ్య ప్రధానమా కాదా అని మామూలు పద్ధతిలో చూడాలంటే, దాని వర్గమూలం దాకా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. 2147483647 వర్గమూలం 46340 చిల్లర. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైనే. చేత్తో చేస్తే చేయలేని పనేమీ కాదు, కానీ మధ్యలో ఒక్క భాగహారం తప్పినా రుజువు మొత్తం పోయినట్టే. పైగా 1772 నాటికి ఆయిలర్‌కు చూపు దాదాపుగా లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటూ పక్కవాళ్ల చేత రాయించుకునేవాడు. అలాంటి మనిషి ముందు చూసుకున్నది చేయాల్సిన భాగహారాలు ఎలా తగ్గుతాయా అని.

మొదటి తగ్గింపు ఇలా. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1ని నిశ్శేషంగా భాగిస్తుంది అనుకుందాం. అప్పుడు ఆ భాజకంతో 2³¹ని భాగిస్తే శేషం 1 రావాలి. 2, 4, 8, 16 అంటూ 2 ఘాతాలను వరసగా తీసుకుని ఆ భాజకంతో భాగిస్తూ పోతే శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి. మళ్లీ 1 దగ్గరికి వచ్చాక మొదటి నుంచి అవే పునరావృతమవుతాయి. 31వ మెట్టు దగ్గర 1 వచ్చిందంటే చక్రం పొడవు 31ని భాగించాలి. 31 తానే ప్రధాన సంఖ్య కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 31. ఇక ఫెర్మా సిద్ధాంతం ప్రకారం, భాజకం కంటే ఒకటి తక్కువైన మెట్టు దగ్గర కూడా శేషం 1 వచ్చి తీరాలి. అంటే భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31కి గుణిజం. అది సరి సంఖ్య కూడా కాబట్టి 62కి గుణిజం. కనుక 62తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలను చూస్తే చాలు; మిగతావాటి జోలికే పోనక్కర్లేదు.

రెండో తగ్గింపు ఇంకా అందమైనది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 65536 వర్గం. అంటే ఈ భాజకం లెక్కలో 2 అనేది ఒక వర్గానికి శేషంగా వచ్చింది. 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగిలే ప్రధాన సంఖ్యల విషయంలో మాత్రమే ఇది సాధ్యం. రెండు షరతులనూ కలిపితే, భాజకం ఏదైనా ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 అయి తీరాలి.

ఈ నియమం పట్టు ఎంతటిదో పక్క సంఖ్య మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. 2²⁹ − 1 అంటే 536870911. దాని కారణాంకాలు 233, 1103, 2089. 29కి రెట్టింపు 58. 233 అంటే 58ని నాలుగుతో గుణించి ఒకటి కలిపింది; 1103 అంటే పంతొమ్మిదితో, 2089 అంటే ముప్పై ఆరుతో. ఇక 8తో భాగిస్తే వరసగా 1, 7, 1 మిగులుతాయి. మూడూ తు.చ. తప్పకుండా నియమం ప్రకారమే ఉన్నాయి.

మళ్లీ 31 దగ్గరికి వద్దాం. 46340 లోపు 248తో భాగిస్తే 1 లేదా 63 మిగిలే సంఖ్యలు, 1ని వదిలేస్తే, 373. వాటిలో మొదటిదైన 63 ఎలాగూ ప్రధానం కాదు. మిగిలినవి 372. వీటిలోనూ 249, 497, 559 లాంటివి చూడగానే పోతాయి (3 × 83, 7 × 71, 13 × 43). నిజంగా ప్రధాన సంఖ్యలై ఉండి భాగించి చూడాల్సినవి ఎనభై దాకా తేలతాయి. అందులో మొదటిది 311: భాగఫలం 6905092, శేషం 35. తర్వాతది 1303: శేషం 226. ఆ తర్వాత 1489: శేషం 199. ఇలా చివరి దాకా వెళ్లినా ఎక్కడా సున్నా రాదు. నాలుగు వేల ఏడు వందల భాగహారాల పని ఎనభైకి దిగింది. ఆయిలర్ ఈ ఫలితాన్ని బెర్నూలీల కుటుంబంలో ఒకరికి ఉత్తరం రాసి తెలియజేశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పదంకెల ప్రధాన సంఖ్యలు కోట్లలో ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి తీసి ఆయిలర్ ముందు పెట్టి ఉంటే ఆయన కూడా వేల భాగహారాల దారి పట్టాల్సి వచ్చేదే. ఆకారం లేని సంఖ్య పట్టు ఇవ్వదు. 2³¹ − 1 పెద్దది కావడం వల్ల కాదు, దాని లోపలి కట్టు బయటికి కనిపించడం వల్ల లొంగింది.

ఆ తర్వాత ఎనభై భాగహారాలు కూడా అక్కర్లేని పద్ధతి వచ్చింది. ఫ్రాన్స్‌లో లూకా 1870లలో మొదలుపెట్టగా, అమెరికాలో లేమర్ 1930లో దానికి ఇప్పటి రూపం ఇచ్చాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి రెండు తీసేయాలి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. 2³¹ − 1 విషయంలో ఇలా 29 సార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 4, 14, 194, 37634, 1416317954 దాకా భాగహారమే అవసరం పడదు. తర్వాతి మెట్టులో 669670838. అక్కడి నుంచి శేషాలు ఒక తీరూ తెన్నూ లేకుండా ఎగురుతూ పోతాయి. 27వ మెట్టులో 1181536708. 28వ మెట్టులో ఉన్నట్టుండి 65536! పైన రెండో తగ్గింపులో కనిపించిన సంఖ్యే. దాని వర్గం 2³², అందులోంచి రెండు తీసేస్తే మన సంఖ్యకు సరిగ్గా రెట్టింపు, శేషం సున్నా. అంతదాకా గజిబిజిగా సాగిన వరస చివరి రెండు మెట్లలో ఇలా తేటపడటం చూడాలంటే కాగితం, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. 2024 అక్టోబరులో ప్రకటించిన నేటి అతి పెద్ద ప్రధాన సంఖ్య కూడా ఈ కుటుంబానిదే. దాని ఘాతాంకం 13,62,79,841, అంకెలు నాలుగు కోట్లకు పైన. దాని విషయంలోనూ లూకా, లేమర్ల పరీక్ష జరిగింది.

మెర్సెన్ ప్రధాన సంఖ్య ఎప్పుడు దొరికినా దానితో పాటు ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నింటినీ కూడితే తిరిగి తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. 6 అలాంటిది (1 + 2 + 3), 28 అలాంటిది. 2³⁰ను 2147483647తో గుణిస్తే వచ్చే 2305843008139952128 ఆ వరసలో ఎనిమిదోది. 1811లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు బార్లో దీని గురించి రాస్తూ, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను బహుశా ఇక ఎవరూ కనుక్కోరన్నాడు. ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఆ శ్రమ ఎవరూ పడరని ఆయన లెక్క. జోస్యం నిలబడలేదు. 1860లలోనే లాండ్రీ 2³¹ − 1ని మించిన ప్రధాన సంఖ్యను చూపించాడు. 1876లో లూకా 2¹²⁷ − 1 ప్రధానమని తేల్చడంతో అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద పరిపూర్ణ సంఖ్యా వచ్చేసింది. మనుషులకు ఉపయోగం లేని పనుల మీద ఉండే మోజును బార్లో తక్కువ అంచనా వేశాడు.

ఉపయోగం లేదన్న మాట మాత్రం ఇంకో తీరుగా తప్పింది. కంప్యూటర్‌లో పాచికలు వేయాలంటే, అంటే యాదృచ్ఛిక సంఖ్యల్లా కనిపించే వరస కావాలంటే, పాత పద్ధతి ఒకటుంది: చేతిలో ఉన్న సంఖ్యను 16807తో గుణించు, 2147483647తో భాగించి శేషం తీసుకో. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658... పది వేలోసారికి 1043618065 రావాలి. ప్రోగ్రామ్ సరిగా రాశారో లేదో చూసుకోవడానికి 1988లో పార్క్, మిల్లర్ ఇచ్చిన గుర్తు ఇది. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది.

ఈ సంఖ్యనే ఎందుకు ఎంచుకున్నారంటే ఇక్కడ రెండు గుణాలూ పనికొచ్చాయి. అది ప్రధానం కాబట్టి, గుణకం సరైనదైతే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే వరస మళ్లీ మొదటికొస్తుంది. గుణకం సరైనదా అన్నది తేల్చేది మన సంఖ్య కంటే ఒకటి తక్కువైన 2147483646. దాని కారణాంకాలు 2, 3, 3, 7, 11, 31, 151, 331. 2 ఘాతాల శేషాలు ఎప్పటికీ 31 మెట్లే తిరుగుతాయి కాబట్టి 2 పనికిరాదు. 7 మాత్రం పూర్తి చక్రం తిరుగుతుంది. పై కారణాంకాల్లో 5 లేదు కనుక 7కి అయిదో ఘాతం కూడా పూర్తి చక్రమే తిరుగుతుంది. 16807 అంటే 7⁵. ఇక రెండో గుణం ఆకారం. 9తో శేషం కావాలంటే అంకెలు కూడుకుంటాం. అదే కిటుకు బైనరీలో ఇక్కడ పనిచేస్తుంది: గుణిస్తే వచ్చిన పెద్ద సంఖ్యను 31 బిట్ల దగ్గర రెండుగా తెంపి, పై ముక్కను కింది ముక్కకు కలిపితే చాలు, భాగహారం అక్కర్లేదు. నేటి అవసరాలకు 214 కోట్ల చక్రం చాలా చిన్నది. మామూలు ల్యాప్‌టాప్ కూడా నిమిషం గడవకుండానే తిప్పేస్తుంది. ఓటీపీ లాంటి రహస్యాలకైతే దీన్ని అసలు వాడకూడదు. ఒక సంఖ్య తెలిస్తే తర్వాతివన్నీ తెలిసిపోతాయి.

హద్దుగా దీని కథలు చాలామందికి తెలిసినవే. 2014 డిసెంబరులో గంగ్నమ్ స్టైల్ వీడియో వీక్షణలు ఈ అంకెను దాటడంతో యూట్యూబ్ తన లెక్కను 64 బిట్లకు మార్చినట్టు చెప్పింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత యూనిక్స్ గడియారాలు 2038 జనవరి 19 మంగళవారం ఉదయం, మన టైం ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్యను చేరతాయి. మార్చకుండా వదిలేసిన యంత్రాలు మరుసటి సెకనుకు 1901 డిసెంబరులోకి దూకుతాయి. 2015లో అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ, బోయింగ్ 787 విమానాలకు ఒక ఆదేశం ఇచ్చింది: 248 రోజులు ఆపకుండా కరెంటు అందితే వాటి జనరేటర్లను నడిపే యూనిట్లలోని కౌంటర్ పొంగిపోతుంది కాబట్టి ఆ లోపే ఒకసారి ఆపి మళ్లీ వేయాలని. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెడితే 2³¹ చేరడానికి పట్టేది 248 రోజుల పదమూడు గంటలు. ఆయిలర్ భాగహారాల్లోనూ 248 కనిపించింది కదా అని ఎవరైనా ముడిపెట్టబోతే, అది ఒట్టి కాకతాళీయం. అక్కడ 248 అంటే 31 ఇంటూ 8; ఇక్కడ రోజుకు 86400 సెకన్లు ఉండటం వల్ల వచ్చింది.

కాకతాళీయం కానిది మరొకటి ఉంది. గుర్తుకు ఒక బిట్ పోగా కంప్యూటర్ హద్దులు ఇలా వస్తాయి: 8 బిట్లకు 127, 16 బిట్లకు 32767, 32 బిట్లకు 2147483647, 64 బిట్లకు 9223372036854775807, 128 బిట్లకు 2¹²⁷ − 1. వీటిలో మొదటిది ప్రధానం, రెండోది కాదు (7 × 31 × 151), మూడోది ప్రధానం, నాలుగోది కాదు (దాన్ని 7 రెండుసార్లు భాగిస్తుంది), అయిదోది మళ్లీ ప్రధానం. ఘాతాంకాలు 7, 15, 31, 63, 127. ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే మెర్సెన్ సంఖ్య ప్రధానం కాలేదు కాబట్టి 15, 63 దగ్గర ఓటమి ముందే ఖాయం. ఘాతాంకం ప్రధానమైతే మాత్రం గెలుపు ఖాయం కాదు. 29 దగ్గర ఏం జరిగిందో చూశాం. 7, 31, 127 మూడింటికీ కలిసి రావడంలో అదృష్టం పాలు కూడా ఉంది.

ఆ మూడు ఘాతాంకాలూ తామే మెర్సెన్ ప్రధాన సంఖ్యలు కావడం పాతకాలపు గణితజ్ఞులను బాగా ఊరించింది. 2³ − 1 అంటే 7. 2⁷ − 1 అంటే 127. 2¹²⁷ − 1 కూడా ప్రధానమే. మన సంఖ్యదీ అలాంటి గొలుసే: 5 నుంచి 31, 31 నుంచి 2147483647. మరి 2ని 2147483647 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే? ఆ సంఖ్య రాయాలంటేనే 64 కోట్లకు పైగా అంకెలు కావాలి. అన్ని కోట్ల అంకెలతో దాని మీద లూకా, లేమర్ల పరీక్ష నడిపే పని ఎవరికీ పడలేదు. ఆయిలర్ నియమమే చాలింది: భాజకం ఏదైనా ఉంటే, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 2147483647కి సరి గుణిజం కావాలి, 8తో భాగిస్తే 1 లేదా 7 మిగలాలి. 1980లలో ఆ షరతుల ప్రకారం వెతుక్కుంటూ పోతే 137490 × 2147483647 + 1 దగ్గర, అంటే 295257526626031 దగ్గర, భాగహారం నిశ్శేషంగా తెగింది. 8తో భాగిస్తే దానికి మిగిలేది 7.